పిల్లలకి బి.ఆర్. చోప్రా మహాభారతం చూపించొచ్చా?

మా పాపకి పదేళ్లు, హిందీ స్కూల్లో నేర్చుకున్నంతే వచ్చు. 1988లో దూరదర్శన్‌లో మొదలైన మహాభారతం చూపిద్దామని ఉంది, 94 ఎపిసోడ్లు కూర్చుని చూస్తుందా? అసలు కథకి ఎంత దగ్గరగా ఉంటుందో కూడా చెప్పండి.

జవాబు 1:
తప్పకుండా చూపించండి. రాహీ మాసూమ్ రజా గారి సంభాషణల్లో సంస్కృత పదాలే ఎక్కువ కాబట్టి ప్రతిజ్ఞ, ధర్మం, వచనం లాంటివి మన పిల్లలకి ఇట్టే అందుతాయి. గ్రాఫిక్స్ పాతవే, బాణాలు గాల్లో ఎదురెదురుగా వచ్చి ఢీకొంటుంటే ఇప్పటి పిల్లలు నవ్వుతారు, నవ్వనివ్వండి. భీష్మ ప్రతిజ్ఞ దగ్గర ముఖేష్ ఖన్నా గొంతు వినగానే వాళ్లే సర్దుకుని కూర్చుంటారు.

జవాబు 2:
సీరియల్ నాకూ ప్రాణమే, కానీ పక్కనే కూర్చుని చూడండి. మయసభలో ద్రౌపది "గుడ్డివాడి కొడుకు గుడ్డివాడే" అన్నట్టు చూపించారు, ఆ మాట వ్యాసుడి భారతంలో లేదు. అక్కడ దుర్యోధనుడు నీళ్లలో పడితే ముందు నవ్వింది భీముడు, తర్వాత తమ్ముళ్లు, ద్రౌపది కూడా నవ్విందని దుర్యోధనుడే తర్వాత తండ్రితో చెప్పుకుంటాడు. ఇది చెప్పకపోతే యుద్ధానికంతా ఆవిడ నోరే కారణమని పిల్లలు అనుకుంటారు, నాకు అదే బాధ.

జవాబు 3:
కృష్ణుడి చిన్నతనం ఎపిసోడ్లతో మొదలుపెట్టండి అండీ. ఆ కథలు భాగవతం, హరివంశాల్లోవి, పాప ఇప్పటికే విని ఉంటుంది.