ఉద్యోగం పురుషలక్షణం, అది పోతే అవలక్షణం

ఈ సామెతలో రెండు ముక్కలూ రెండు కాలాలవని నా నమ్మకం. మొదటిది సంస్కృతం. అక్కడ ఉద్యోగమంటే పూనిక, ప్రయత్నం. భారతంలో ఉద్యోగపర్వానికి ఆ పేరొచ్చింది యుద్ధ సన్నాహం వల్లే. రెండో ముక్క మన తెలుగువాళ్లు తగిలించింది. పూనిక ‘పోయింది’ అని ఎవరూ అనరు, పోయేది జీతమొచ్చే కొలువే. అంటే ఈ తోక తగిలేనాటికే మాటకు అర్థం మారింది, మగవాణ్ణి కొలిచే కొలతా మారింది.

చిత్తూరు పక్క మా పల్లెలో తాతను నీ ఉద్యోగమేమని అడిగినవాళ్లు లేరు. మడక పట్టగలడా, మాట మీద నిలబడతాడా, అంతవరకే. (ఆ కొలతా అంత మంచిదేం కాదు. అవ్వ కష్టం అందులో ఏనాడూ లెక్కకు రాలేదు.) దెబ్బ తగిలింది నాయనకు. ఆయన పనిచేసే ఫ్యాక్టరీ మూతబడినాక అమ్మ మేపిన ఆవుల మీదే ఇల్లు నడిచింది. పాల కేంద్రంలో పుస్తకం ఆమె పేరు మీదే ఉండేది. నాయన చీకటితోనే సైకిలుకు క్యాను కట్టుకుని పోయి, ఆడవాళ్లు వరసకు చేరకముందే పాలు పోసి వచ్చేసేవాడు. గడ్డి కోసేవాడు, పేడ ఎత్తేవాడు, పాలు పితికేవాడు. ఎవరైనా అడిగితే మాత్రం ‘ఊరికే ఉండా’ అనేవాడు. బంధువులొస్తే ఏదో పని పెట్టుకుని మడి కాడికి పోయేవాడు. ఆయనలో పూనికకేం కొదవ? ‘అవలక్షణం’ అన్న మాటే ఆయన్ను తల ఎత్తనీలేదు. అందుకే తమాషాకైనా ఈ తోకను వాడొద్దని అడుగుతున్నా.

మా తమ్ముడు సత్యవేడులో ఉంటాడు. మరదలు శ్రీసిటీలో ఫోన్లు తయారుచేసే కంపెనీలో పని చేస్తుంది. ఆమెకు మొదటి షిఫ్టయితే బిడ్డకు నూనె రాసి, పాపిట తీసి, రెండు జడలేసి రిబ్బన్లు మడిచి కట్టేది వాడే. ఆ వీధిలో దాన్నెవరూ వింతగా చూడరు. సంబంధాలు చూసేటప్పుడు మాత్రం మొదటి ప్రశ్న ఇప్పటికీ అదే: అబ్బాయి ఏం చేస్తాడు?

జవాబు (తెలుగు టీచరు, తిరుపతి):
‘పురుష’ సంగతీ చూడాలి సార్. వ్యాకరణంలో ‘నేను’ అన్నది ఆడమనిషైనా ఉత్తమ పురుషే. పురుషసూక్తంలో పురుషుడూ ఒట్టి మగవాడు కాడు. కాబట్టి ‘పూనిక మనిషి లక్షణం’ అని చెప్పుకోవచ్చు కదా? నేను పిల్లలకు అలాగే చెప్తాను.

నా జవాబు:
పిల్లలకు అలాగే చెప్పండి మేడం, నాకూ ఇష్టమే. కానీ ‘ఉద్యోగినం పురుషసింహముపైతి లక్ష్మీః’ కూడా ఉంది కదా. పూనిక ఉన్న పురుషసింహాన్ని లక్ష్మి వెతుక్కుంటూ వస్తుందట. అక్కడ పురుషుడు మగవాడే, సంపద ఆయన్ను చేరే ఆడది. మంచి అర్థం దొరికిందని ఆ పాత అర్థాన్ని దాచలేం.

జవాబు (ఇంకొకరు, తిరుపతి):
కొలువు దగ్గరే ఆగిపోతే ఎట్లా అన్నా? మే నెలలో తాతయ్యగుంట గంగమ్మ జాతర చూడండి. ఆడవాళ్లను చెరిచే పాళెగాణ్ణి అమ్మవారు వేషాలు మారుస్తూ వెతికి, దొర వేషంలో వచ్చినప్పుడు వాడు బయటపడితే చంపిందని కదా కథ. మొక్కున్న మగవాళ్లు చీర కట్టి, పూలు పెట్టుకుని బయల్దేరతారు, మీసాలతోనే. మామూలు రోజుల్లో ఎవరైనా కాస్త మెత్తగా మాట్లాడితే ‘ఆడంగోడు’ అని ఎగతాళి చేసేవాళ్లు కూడా ఆ రోజుల్లో భక్తిగా చీర కడతారు. ఆ మాట వినీ వినీ మా పెద్దోడు కాలేజీలో నోరు విప్పడం మానేశాడు.

నా జవాబు:
మీ అబ్బాయి సంగతి చదివి మనసు కలుక్కుమంది. ఆ తిట్టు గురించి వేరేగా ఒక పోస్టు పెట్టండి, తప్పకుండా మాట్లాడదాం. కుప్పం, పలమనేరు, మదనపల్లె వైపు వాళ్లకు ఒక మనవి: పాడి మీద బతికే ఇళ్లలో ఆడవాళ్లు ఈ సామెతకు ఎదురు చెప్పే మాట ఏదైనా వినుంటే, విన్నది విన్నట్టు మీ యాసలోనే రాయండి.