సివిల్ యూనియన్ ఇస్తే సరిపోదా, పెళ్లే కావాలా?

నీలిమబ్బు:
ఒక డౌట్ అండి. స్వలింగ జంటలకి కొన్ని దేశాల్లో పెళ్లి కాకుండా సివిల్ యూనియన్ అని విడిగా రిజిస్ట్రేషన్ చేస్తారు కదా, హక్కులన్నీ అందులోనే వస్తుంటే మళ్లీ పెళ్లి కోసం కోర్టుల చుట్టూ తిరగడం ఎందుకు? వెటకారం కాదు, నిజంగా తెలీకే అడుగుతున్నా.

రావిచెట్టు:
అన్నీ వస్తాయని ఎవరు చెప్పారండి, తిరకాసంతా అక్కడే. మొట్టమొదట తెచ్చింది డెన్మార్క్, 1989లో, చాలావరకు భార్యాభర్తలకున్నవే ఇచ్చారు గానీ ఇద్దరూ కలిసి పిల్లల్ని దత్తత తీసుకుంటామంటే కుదరదన్నారు. ఫ్రాన్స్‌లో 1999 నుంచి పాక్స్ అని ఉంది (ఆడామగా జంటలూ చేసుకోవచ్చు, ఇప్పుడు ఎక్కువమంది వాళ్లే), అందులో ఒకరు పోతే రెండోవాళ్లకి ఆస్తి దానంతటదే రాదు, వీలునామా ఉండాల్సిందే. ఎన్నేళ్లు కలిసి బతికినా సరే, ఆ కాగితం లేకపోతే, పిల్లలు కూడా లేకపోతే, మొత్తం అమ్మానాన్నలకో తోబుట్టువులకో పోతుంది.

గాలిపటం:
ఊరు దాటితే ఇంకో గొడవ. అమెరికాలో వెర్మాంట్ 2000లో సివిల్ యూనియన్ ఇచ్చింది, రాష్ట్రం వరకు ఓకే, కానీ ఫెడరల్ వాళ్లు (అంటే అక్కడి కేంద్ర ప్రభుత్వం) లెక్కలోకి తీసుకోలేదు, అంటే సోషల్ సెక్యూరిటీ (ప్రభుత్వ పెన్షన్) లేదు, పార్ట్‌నర్ విదేశీయులైతే వీసా లేదు. పెళ్లి అంటే ఏ ఆఫీసులోనైనా అర్థమవుతుంది, దీనికైతే ప్రతిచోటా మొదట్నుంచీ చెప్పుకోవాలి.

మొండిఘటం:
నేను కొంచెం అడ్డంగా మాట్లాడతా, ఏమనుకోకండి. అసలేమీ లేని చోట యూనియన్ వచ్చినా వద్దంటామా? ఐసీయూ బయట నిలబడితే "మీరు పేషెంట్‌కి ఏమవుతారు" అంటారు, ఫ్రెండ్ అంటే సంతకం పెట్టనివ్వరు. ఇటలీ 2016లో యూనియన్ తెచ్చింది, అదీ ముందు ఏడాది యూరప్ మానవ హక్కుల కోర్టు మొట్టికాయ వేశాక, పెళ్లి ఇప్పటికీ లేదు. మన సుప్రీంకోర్టు 2023లో పెళ్లి ప్రాథమిక హక్కు కాదని ఐదుగురు జడ్జీలూ అన్నారు, యూనియన్ దగ్గర మాత్రం 3-2గా చీలారు, గుర్తించాలన్న ఆ ఇద్దరిదే మెజారిటీ అయ్యుంటే కథ వేరుగా ఉండేది. ముందు దొరికింది పట్టుకోవాలి, మిగతాది తర్వాత కొట్లాడొచ్చు.

నీలిమబ్బు:
ఓహో. మరి తర్వాత పెళ్లి కూడా వస్తే పాత యూనియన్లు ఏమవుతాయి, రద్దా?

రావిచెట్టు:
రద్దేం కావు లెండి. జర్మనీ 2017లో పెళ్లికి ఓకే అన్నాక కొత్త రిజిస్ట్రేషన్లు ఆపేసింది, పాతవాళ్లు అలాగే ఉండొచ్చు, కావాలంటే పెళ్లిగా మార్చుకోవచ్చు. ఇంగ్లండ్‌లో ఇంకా తమాషా, మాకు పెళ్లి వద్దు యూనియనే కావాలని ఒక ఆడామగా జంట సుప్రీంకోర్టు దాకా వెళ్లి 2018లో గెలిచింది, మరుసటేడు చివర్లో అందరికీ తెరిచేశారు.