అప్‌డేట్: ఫస్ట్ రౌండ్ పిక్ ఇచ్చేశాను, బెంచ్ నిండింది

డల్లాస్‌లో మా ఫ్రెండ్స్ ఫాంటసీ ఫుట్‌బాల్ లీగ్‌లో (నిజమైన అమెరికన్ ఫుట్‌బాల్ ఆటగాళ్లతో ఊహా టీమ్ కట్టుకుని, వాళ్ల ఆటను బట్టి పాయింట్లు తెచ్చుకునే ఆట; మాది ఏటా అదే టీమ్ కొనసాగే రకం) ఫస్ట్ రౌండ్ రూకీ పిక్ (కొత్త ఆటగాళ్లను మొదటి రౌండ్‌లో ఎంచుకునే హక్కు) ఇచ్చేసి, బదులుగా ఆటగాళ్లను తెచ్చుకుని బెంచ్ (రిజర్వ్ ఆటగాళ్లు) నింపుకోవాలా అని ఆగస్టులో అడిగాను కదా, ఆ సంగతి తేలింది. అందరికీ థాంక్స్.

"రన్నింగ్ బ్యాక్‌లు (బంతి పట్టుకుని పరిగెత్తే ఆటగాళ్లు) ఎక్కువైపోయి ఎవరిని ఆడించాలో తెలియని వాడిని పట్టుకో" అన్న మీ సలహానే పనిచేసింది. ఇద్దరు బ్యాక్‌లు, పైగా ఒక సెకండ్ రౌండ్ పిక్ వచ్చాయి. అక్టోబరులో నా మెయిన్ వాడికి మోకాలు దెబ్బతిని, ఇంకొకడికి బై వీక్ (వాళ్ల జట్టుకి మ్యాచ్ లేని వారం) పడ్డ ఆదివారం ఆ ఇద్దరే గట్టెక్కించారు.

రాత్రంతా ఎక్సెల్‌లో వేసుకున్న జిమ్మీ జాన్సన్ చార్ట్ (డల్లాస్ కౌబాయ్స్ మాజీ కోచ్ పేరుతో ఉన్న, ఏ పిక్ విలువ ఎంతో చెప్పే పట్టిక) మాత్రం దండగ. మొదటి పిక్‌కి 3000, 16వ దానికి 1000 పాయింట్లు అంటుంది, కానీ అది ఎన్‌ఎఫ్‌ఎల్ (అమెరికా ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ లీగ్) జట్లు పిక్‌కి పిక్ మార్చుకోవడానికి, మన ఫాంటసీ ఆటగాళ్ల రేట్లు అందులో ఉండవు.

సెమీస్‌లో ఓడాను, అది వేరే ఏడుపు.