న్యూజెర్సీలో శనివారం బతుకమ్మ, అద్దె సాయం: హాలు ఇవ్వం అంటున్నారు, అందరూ వెంటనే చూడండి

వరంగల్ అక్క, ఆదివారం రాత్రి 9:40
ఆరు రోజులే ఉంది కాబట్టి లిస్టు మళ్ళీ పెడుతున్నాను. సౌండ్, మైకులు తమ్ముడు. బ్యాక్‌డ్రాప్ ఎడిసన్ వాళ్ళు ఎవరైనా తేవాలి, పోయినసారిలా చివరి గంటలో పరుగులు వద్దు. చీరల స్టాళ్ళు నాలుగు, ఒక్కోటి 100 డాలర్లు, ముందే తీసుకోండి. సత్తుపిండి, పులిహోర ఖమ్మం వదిన. పెద్ద బతుకమ్మకి బంతిపూలు శుక్రవారం సాయంత్రం తేవాలి, తంగేడు ఎలాగూ దొరకదు. ఇల్లు పోయే పరిస్థితిలో ఉన్న ఆడవాళ్ళకి అద్దె సాయం హుండీ ఈసారి గేటు దగ్గరే పెట్టండి, లోపల మూలన పెడితే ఎవరికీ కనపడదు. హాలు పేపర్లు అయిపోయాయి కదా?

భీమవరం అక్క, సోమవారం ఉదయం 11:15
అయిపోలేదు. స్కూలు నుంచి ఇప్పుడే ఫోన్ వచ్చింది, జిమ్ హాలు మనకి ఇవ్వడం లేదట. ఇన్సూరెన్స్ సర్టిఫికెట్‌లో అడిషనల్ ఇన్సూర్డ్ (మనతో పాటు బీమా వర్తించేవాళ్ళ పేరు) దగ్గర స్కూల్ బోర్డు పేరు ఉండాలి, మనం పంపినదాంట్లో ఆ గడి ఖాళీ. సరిచేసి శుక్రవారం లోపు పంపమని మెయిల్ పెట్టారట, అది సంఘం పాత ఐడీకి వెళ్ళింది. చాలా బతిమాలాను. ఆ టైము వేరేవాళ్ళకి ఇచ్చేశాం అన్నారు. సర్టిఫికెట్ పంపింది నేనే, గడి చూసుకోవాల్సింది నేనే.

గుంటూరు అన్న, 11:22
పాత ఐడీ ఎవరి దగ్గరుంది? మూడు నెలలుగా అందరం ఆఫీసులు, పిల్లలు అన్నీ సర్దుకుని తిరుగుతున్నాం, ఒక మెయిల్ చూడలేకపోయామా? 214 టికెట్లు అమ్మాం. స్పాన్సర్‌కి ఏ మొహం పెట్టుకుని ఫోన్ చేయమంటారు?

ట్రెజరర్, 11:40
పాత ఐడీ పాస్‌వర్డ్ నా దగ్గరుంది. ఆగస్టు తర్వాత తెరవలేదు. భీమవరం అక్కని ఏమీ అనకండి.

కరీంనగర్ తమ్ముడు, మధ్యాహ్నం 1:05
ఓక్ ట్రీ రోడ్ వైపు ఒక బాంకెట్ హాలు శనివారం ఖాళీగా ఉంది, ఇప్పుడే వెళ్ళి చూసొచ్చాను. 2,800 అడుగుతున్నారు, తగ్గరు. ఈ రాత్రికి మొత్తం కట్టాలి. కౌంటీ పార్కుల్లో పైకప్పున్న పిక్నిక్ షెల్టర్లు ఆ రోజుకి నిండిపోయాయి.

వరంగల్ అక్క, 1:12
తీసేసుకుందాం. ఆడపిల్లలు నెల నుంచి పాటలు నేర్చుకుంటున్నారు, వద్దని ఎలా చెప్తాం.

ట్రెజరర్, 1:30
ఒక్క నిమిషం, లెక్క చూడండి. టికెట్ 15 చొప్పున 214 అంటే 3,210. చేతిలో ఉన్నది అంతే. స్పాన్సర్ ఇస్తానన్న 2,500 ఇంకా నోటి మాటే. స్టాళ్ళ డబ్బు రాలేదు. స్కూలు డిపాజిట్ 500 వెనక్కి రావడానికి వారాలు పడుతుంది. హాలుకి కడితే 410 మిగులుతుంది.

నెల్లూరు అక్క (సాయం డెస్క్), 1:58
ఆఫీసులో ఉన్నాను, అయినా ఇది రాయకుండా ఉండలేకపోతున్నాను. గురువారం న్యూ బ్రన్స్‌విక్ కోర్టులో ఒకామెని అద్దె ఇల్లు ఖాళీ చేయించే ఎవిక్షన్ కేసు ఉంది. రెండు నెలల అద్దె, 3,800. లీజులో ఇద్దరి పేర్లూ ఉన్నాయి, జులైలో భర్త వెళ్ళిపోయాడు, అద్దె ఆపేశాడు. ఆమెది హెచ్4, అంటే భర్త వీసా మీద ఆధారపడ్డ వీసా, పని చేసి సంపాదించుకునే వీలు లేదు. నెల క్రితం మనం మీటింగ్‌లో ఒప్పుకున్నది ఈ కేసే. ఆ డబ్బు శనివారం వస్తే ఆమెకి ఏం లాభం? గురువారం ఉదయానికి కావాలి. టికెట్ల డబ్బులోంచే ఇస్తామని బుధవారం తీసుకుందామనుకున్నాం కదా, ఇప్పుడు అది హాలుకి పోతే నేను ఆమెకి ఏం చెప్పాలి?

గుంటూరు అన్న, 2:20
అక్కా, ఆమె కష్టం నాకూ తెలుసు. కానీ జనం కొన్నది బతుకమ్మ టికెట్. ఖర్చులు పోను మిగిలింది అద్దె సాయానికి అని దాని మీదే రాశాం. కార్యక్రమమే లేకుండా డబ్బు మొత్తం ఇచ్చేస్తే, రేపు లెక్క అడిగితే నేనేం చెప్పాలి? పైగా స్పాన్సర్ వేదిక మీద ఆమెకి తన చేతులతో చెక్కు ఇచ్చి ఫోటో దిగాలంటున్నారు. వేదికే లేకపోతే ఆయన ఇవ్వరు.

నెల్లూరు అక్క, 2:26
ఫోటోనా? ఎవరితో మాట్లాడి ఒప్పుకున్నారు ఆ మాట? ఆమె పేరు, ఏ అపార్ట్‌మెంట్ అన్నది నాకూ ట్రెజరర్‌కీ తప్ప ఎవరికీ తెలియదు. ఆ భర్త ఫ్రెండ్స్ సగం మంది మన గ్రూపుల్లోనే ఉన్నారు. నాతో మొదటిసారి మాట్లాడినప్పుడు ఆమె కార్లో కూర్చుని, అద్దాలు మూసుకుని, పాపకి వినపడకుండా మాట్లాడింది. ఆమెని 200 మంది ముందు నిలబెట్టి అద్దె కట్టుకోలేదని చెప్తారా? ఆ 2,500 నాకు అక్కర్లేదు. నేను క్రెడిట్ కార్డు మీద కడతాను, మీరు హాలు బుక్ చేసుకోండి.

ఖమ్మం వదిన, 2:41
ఇద్దరూ కాసేపు ఆగండి. పిల్లల్ని స్కూలు నుంచి తెచ్చుకుని ఐదింటికి ఫోన్లో మాట్లాడుకుందాం. ఈలోపు ఎవరూ ఏ హాలుకీ డబ్బు కట్టకండి.

గుంటూరు అన్న, సాయంత్రం 6:50
అక్కా, ఫోన్లో చెప్పాను, ఇక్కడా రాస్తున్నాను. ఫోటో సంగతి ఆలోచించకుండా ఒప్పుకున్నాను, తప్పు నాదే. భీమవరం అక్కా, పొద్దున నేను అన్న మాటలకి సారీ. టికెట్ల విషయంలో మాత్రం నా మాట మీదే ఉన్నాను, జనాన్ని అడిగే ఇవ్వాలి.

వరంగల్ అక్క, 7:05
అడుగుదాం. ఈ మెసేజ్ టికెట్ కొన్న ప్రతి ఒక్కరికీ వెళ్ళాలి, తలా ఇరవై మందిని పంచుకోండి: హాలు దొరకలేదు. కావాలంటే మీ డబ్బు మొత్తం వెనక్కి ఇస్తాం. వద్దంటే అది మొత్తం ఇల్లు పోగొట్టుకునే పరిస్థితిలో ఉన్న ఆడవాళ్ళ అద్దెకి వెళ్తుంది. బతుకమ్మ శనివారం ఇళ్ళ ముందే ఆడతాం, ఎక్కడో తర్వాత చెప్తాం.
ఎవరినీ బలవంతపెట్టొద్దు. బతుకమ్మని ఊళ్ళో ఏ హాల్లో ఆడాం మనం? వాకిట్లోనే కదా.

నెల్లూరు అక్క, మంగళవారం ఉదయం 8:10
కొందరు ఫోన్ చేసి అడుగుతున్నారు, అందరికీ ఒకేసారి చెప్తాను. మనం ఆమె చేతికి డబ్బు ఇవ్వం. ఇంటి యజమాని పేరు మీద సర్టిఫైడ్ చెక్కు గానీ మనీ ఆర్డర్ గానీ తీస్తాం, యూనిట్ నంబరుతో రసీదు తీసుకుంటాం. న్యూజెర్సీలో 2020లో వచ్చిన చట్టం ప్రకారం, అద్దె బాకీ కేసుల్లో స్వచ్ఛంద సంస్థ కట్టినా యజమాని తీసుకుని తీరాలి. తీర్పు వచ్చి తాళం వేశాక కూడా, మూడు పని దినాల్లోపు బాకీ మొత్తం కడితే కేసు ఆగిపోతుంది. కానీ అంతదాకా రానివ్వకూడదు, ఒకసారి సామాను బయటపడ్డాక ఆ పాప స్కూలు ఏమవుతుంది?
ఇంకో మాట. డబ్బు లేదు కదా అని కోర్టుకి వెళ్ళడం మానేస్తారు చాలామంది, అప్పుడు రాలేదన్న కారణంతోనే యజమాని వైపు డిఫాల్ట్ తీర్పు వచ్చేస్తుంది. వెళ్ళాలి. తెలుగు ఇంటర్‌ప్రెటర్ కావాలని ముందే అడిగితే కోర్టే ఉచితంగా ఏర్పాటు చేస్తుంది. ఒకటో తారీఖుకి తాళం మార్చేస్తానని మేనేజర్ ఈమెని భయపెట్టాడు. అలా మార్చే హక్కు అతనికి లేదు, కోర్టు వారెంటుతో కోర్టు ఆఫీసరే రావాలి. ఎవరైనా తాళం మారిస్తే పోలీసులకి ఫోన్ చేయాలి. ఇది మీకు తెలిసిన ఆడవాళ్ళందరికీ చెప్పండి.

ఖమ్మం వదిన, 8:30
భర్త కొడుతుంటే పారిపోవాల్సి వచ్చి లీజు మధ్యలో ఉంటే? మా బిల్డింగ్‌లో ఒకమ్మాయి గురించి అడుగుతున్నాను.

నెల్లూరు అక్క, 8:44
దానికి 2008 నుంచి చట్టం ఉంది, కాగితాలు చూపించి రాతపూర్వకంగా నోటీసు ఇస్తే లీజు రద్దు చేసుకోవచ్చు. ఆ అమ్మాయి నంబరు ఇక్కడ పెట్టకండి, నాకు విడిగా ఫోన్ చేయండి. మానవి సంస్థ వాళ్ళతో మాట్లాడిస్తాను, 1985 నుంచి న్యూజెర్సీలో దక్షిణాసియా ఆడవాళ్ళ కోసం పనిచేస్తున్నారు. హెచ్4లో ఉండి హింస భరిస్తున్నవాళ్ళు ఐ-765వి ఫారంతో సొంతంగా వర్క్ పర్మిట్ అడగొచ్చు, అది మాత్రం లాయరుతోనే చేయించాలి.

ట్రెజరర్, బుధవారం మధ్యాహ్నం 12:10
31 టికెట్లకి డబ్బు వెనక్కి అడిగారు, 465 పంపేశాను. 183 టికెట్ల వాళ్ళు ఉంచుకోమన్నారు, 2,745. స్టాళ్ళ ఆడవాళ్ళు నలుగురూ స్టాళ్ళు లేకపోయినా తలా 100 పంపారు. మొత్తం 3,145. ఇంకా 655 తక్కువ. బ్యాంకు ఐదింటికి మూస్తారు.

గుంటూరు అన్న, 3:35
స్పాన్సర్ షాపు దగ్గరే ఉన్నాను. వేదిక లేదు, ఫోటో లేదు, ఆమె ఎవరో చెప్పం అని ముందే చెప్పేశాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత వాళ్ళావిడ లోపలి నుంచి వచ్చి 1,000కి చెక్కు రాసిచ్చింది. ట్రెజరర్ గారూ, బ్యాంకు దగ్గరే ఉండండి, వస్తున్నా.

నెల్లూరు అక్క, గురువారం మధ్యాహ్నం 12:50
కోర్టు బయట నుంచి రాస్తున్నాను. యజమాని లాయరు లీజులో రాసి ఉందని లేటు ఫీజు 120 కలిపి 3,920 అన్నాడు. 3,800కి తీసిన చెక్కు ఇచ్చి, మిగతా 120 ట్రెజరర్ నిన్న ముందుచూపుతో ఇచ్చిన క్యాష్‌లోంచి కట్టాను. రసీదు ఇచ్చారు, కేసు కొట్టేశారు.
ఆమె నోటీసుని పాప డ్రాయింగ్ పుస్తకంలో పెట్టి తెచ్చింది. తలుపుకి అంటించిన టేపు నాలుగు మూలలా అలాగే ఉంది, దానికి తలుపు రంగు పెచ్చులు అంటుకుని ఉన్నాయి. రసీదు కూడా అందులోనే పెట్టుకుంది. కారెక్కేదాకా ఏమీ మాట్లాడలేదు. కారులో మాత్రం, అక్కా ఇవాళ పాపని నేనే వెళ్ళి తెచ్చుకుంటాను, ఇంటికే కదా వెళ్ళేది అంది.

ఖమ్మం వదిన, 1:02
చదివాను. చేతులకి పిండి, మాట్లాడలేను. రాత్రికి ఫోన్ చేస్తా.

కరీంనగర్ తమ్ముడు, శుక్రవారం రాత్రి 8:15
రేపు నాలుగింటికి మూడు చోట్ల: ఎడిసన్‌లో వరంగల్ అక్క వాకిలి, పిస్కాటవేలో వదిన వాళ్ళది, సౌత్ బ్రన్స్‌విక్‌లో మాది. ఇరుగుపొరుగు వాళ్ళకి చెప్పాం. పాటలు కారు స్పీకర్లో పెడతాం, ఏడింటికి ఆపేయాలి. పూలు మూడు భాగాలు చేశాను, బకెట్లు తెచ్చుకుని తీసుకెళ్ళండి. నిమజ్జనానికి పిల్లల గాలి ఈతకొలను ఉంది, ఇంకో రెండు కావాలి.

భీమవరం అక్క, 8:20
మా దగ్గర ఒకటి ఉంది, చిన్న చిల్లు, టేపు వేసి తెస్తాను. రెండోది పక్కింటి వాళ్ళని అడిగాను. ఇన్సూరెన్స్ ఏజెంటుతోనూ మాట్లాడాను, సంక్రాంతికి సర్టిఫికెట్ ఇప్పుడే తీసిపెడుతున్నాం.

వరంగల్ అక్క, ఆదివారం ఉదయం 10:30
మూడు చోట్లా కలిపి ఎంతమంది వచ్చారో లెక్క పెట్టలేదు. మా వాకిట్లో మూడు వరుసలుగా తిరగాల్సి వచ్చింది. పసుపు గౌరమ్మని పిల్లలే చేశారు. పక్కింటి పెద్దావిడ తన పెరట్లో చామంతులు కోసి తెచ్చి మా బతుకమ్మలో పెట్టింది. సత్తుపిండి ఒక్క ముద్ద మిగల్లేదు.

ట్రెజరర్, 11:05
గేటు లేదు కాబట్టి హుండీ మూడు ఇళ్ళ మెట్ల మీద పెట్టారు, నిన్న 612 వచ్చింది. ఖర్చులు పోను మొన్న మిగిలిన 225తో కలిపి 837. అక్టోబర్ అద్దె 1,900, ఆమెకి ఇంకా ఆదాయం లేదు.

నెల్లూరు అక్క, 11:20
211 సాయం హెల్ప్‌లైన్‌కి సోమవారం ఫోన్ చేసి కౌంటీ అద్దె సాయానికి అప్లికేషన్ పెట్టిస్తాను, అది రావడానికి టైము పడుతుంది. 1,063 తక్కువ. ఒకటో తారీఖుకి ఎన్ని రోజులున్నాయో చూసుకోండి.

గుంటూరు అన్న, 11:24
స్పాన్సర్ వాళ్ళావిడ మళ్ళీ ఎప్పుడైనా అవసరమైతే తననే అడగమన్నారు. రేపు ఆరింటికి వెళ్తున్నాను, ఎవరైనా నాతో వస్తారా?

భీమవరం అక్క, 11:25
నేను వస్తా. ఐదున్నరకి నన్ను ఇంటి దగ్గర ఎక్కించుకోండి.