మొదటి చిన్న వుడ్ లేత్: కొనేముందు ఏమేం చూడాలి?

సరుగుడుతోట (శ్రీకాకుళం)

అందరికీ నమస్కారం. కర్ర లేతు పని (కర్రని మిషన్ మీద తిప్పుతూ ఉలితో చెక్కడం) కొత్తగా మొదలుపెడుతున్నాను. ముందు అప్పడాల కర్రలు, పప్పుగుత్తులు, బొంగరాలు. చెయ్యి కుదిరాక 8 అంగుళాల లోపు గిన్నెలు. ఇంటి వెనక చిన్న రేకుల షెడ్డు, సింగిల్ ఫేజ్ కరెంటు. అన్నీ కలిపి 60 వేలు పెట్టగలను. ఆన్‌లైన్‌లో 10 అంగుళాల మినీ లేత్ ఒకటి చూశాను. ఇక్కడే వెల్డింగ్ షాపులో చానల్ ఇనుముతో చేసిస్తామన్నది ఇంకొకటి. రెండోది సగం ధరే, బరువూ ఎక్కువే. దేనికి వెళ్ళమంటారు?

పనసచేవ (బొబ్బిలి)

ముందు డబ్బు పంచుకోండి. 60 వేలలో మిషన్‌కి 35 దాటనివ్వకండి. చక్ (కర్రని పట్టి ఉంచే దవడల బిగింపు), ఉలులు, వాటికి పదును పెట్టే గ్రైండర్, ముఖానికి షీల్డు లేకుండా ఉత్త లేత్ ఇంటికొస్తే పని మొదలవ్వదు.

10 అంగుళాలు అన్నది బెడ్ (మిషన్ అడుగున ఉండే పొడవాటి ఇనుప పట్టాలు) మీద తిరగగల కర్ర గరిష్ఠ వ్యాసం. అంటే స్పిండిల్ (కర్రని తిప్పే ఇరుసు) మధ్య నుంచి బెడ్‌కి 5 అంగుళాలు. అయితే టూల్ రెస్ట్‌ని (ఉలి ఆనించే కమ్మీ) మోసే దిమ్మ బెడ్ మీద లేచి ఉంటుంది, దాని పైన తిరిగేది అంతకన్నా తక్కువే. మీ గిన్నెలకి ఇబ్బంది లేదు. రెండు సెంటర్ల (కర్రని రెండు చివర్లా పట్టే మొనలు) మధ్య 16 అంగుళాలుంటే అప్పడాల కర్రకి చాలు. రేపు ఎవరైనా మంచం కోళ్ళు అడిగితే చాలదు. బెడ్‌కి ఎక్స్‌టెన్షన్ తగిలించే వీలుందో లేదో ఇప్పుడే కనుక్కోండి.

కొత్తవాళ్ళంతా గరిష్ఠ స్పీడు చూస్తారు. చూడాల్సింది కనిష్ఠ స్పీడు. కర్ర వ్యాసం అంగుళాల్లో తీసుకుని ఆర్‌పీఎంతో గుణిస్తే 6,000 నుంచి 9,000 లోపు రావాలి. 8 అంగుళాల గిన్నెకి 750 నుంచి 1,125 అన్నమాట. అదీ గుండ్రంగా వచ్చాకే. గొడ్డలితో మూలలు చెక్కిన పచ్చి దిమ్మ ఒక పక్క బరువు తూగుతుంది. దాన్ని 500 దగ్గర, వీలైతే ఇంకా కిందనే మొదలుపెట్టాలి. కనిష్ఠమే 750 ఉన్న మిషన్ మీద ఆ దిమ్మ ఎక్కిస్తే స్టాండుతో సహా నడిచిపోతుంది.

స్పిండిల్ థ్రెడ్ (పైనున్న మర) 1 అంగుళం 8 టీపీఐ (అంగుళానికి 8 చుట్లు) గానీ, ఎం33 (33 మి.మీ. మర) గానీ ఉండాలి. లోపలి టేపర్ (లోపలికి సన్నబడే బెజ్జం) హెడ్‌స్టాక్‌కీ (స్పిండిల్ ఉండే తల), టెయిల్‌స్టాక్‌కీ (అవతలి చివర జరిపే దిమ్మ) ఎంటీ2 (మోర్స్ టేపర్ 2 అనే సైజు) ఉండాలి. ఈ రెండూ మామూలు సైజులైతే చక్, ఫేస్‌ప్లేట్ (కర్రని స్క్రూలతో బిగించే పళ్ళెం), లైవ్ సెంటర్ (కర్రతో పాటు తిరిగే మొన) ఎక్కడ కొన్నా పడతాయి, రేపు పెద్ద మిషన్ కొన్నా పనికొస్తాయి. సొంత సైజు థ్రెడ్ ఉన్న లేత్ చవగ్గా వచ్చినా వదిలెయ్యండి.

మోటారు ½ హెచ్‌పీ చాలు.

ఉలిపొట్టు (విజయనగరం)

షాపులో చేయించే లేత్‌ని ఒక్క మాటతో కొట్టిపారెయ్యక్కర్లేదు. బరువుంటే అదరదు, అదరకపోతే కోత నున్నగా వస్తుంది. పైగా స్పీడు మార్చే ఎలక్ట్రానిక్ కార్డు పాడైతే మిషన్ మూలపడే గొడవ లేదు. మోటారు, బెల్టు, పుల్లీ, అంతే. మోటారు 1,440 ఆర్‌పీఎం అనుకోండి. మోటారు పుల్లీ 2 అంగుళాలు, స్పిండిల్ పుల్లీ 4 అయితే 720. రెండూ 3 అయితే 1,440. మోటారుకి 4, స్పిండిల్‌కి 2 అయితే 2,880. మూడు మెట్లలోనూ రెండు పుల్లీల మొత్తం 6 అంగుళాలే కాబట్టి ఒకే బెల్టు సరిపోతుంది. పనసచేవ గారన్న 500 కావాలంటే మధ్యలో ఇంకో షాఫ్టు పెట్టించాలి. అప్పడాల కర్రలకైతే ఈ మూడు చాలు.

దీని లోపం వేరే చోట ఉంటుంది. వెల్డింగ్ వేడికి చానల్ వంకరపోతుంది, దాంతో హెడ్‌స్టాక్, టెయిల్‌స్టాక్ ఒకే గీతలో ఉండవు. రెండింటికీ మొనదేలిన సెంటర్లు పెట్టి దగ్గరికి జరపండి. మొనలు ఒకదానికొకటి సూటిగా తగలాలి. మిల్లీమీటరు తేడా వచ్చినా డ్రిల్లు వేసిన బెజ్జం వదులవుతుంది. టెయిల్‌స్టాక్‌ని బెడ్ ఆ చివరికి జరిపి బిగించి, మళ్ళీ వెనక్కి తెచ్చి ఇంకోసారి చూడండి. తర్వాత బెల్టు తీసేసి స్పిండిల్‌ని చేత్తో తిప్పండి. గరగర వినిపించకూడదు. పట్టుకుని పైకీ కిందకీ ఊపితే కదలకూడదు. థ్రెడ్, టేపర్ మాత్రం వెల్డింగ్ షాపులో వద్దు, మెటల్ లేత్ ఉన్నవాళ్ళ దగ్గర కోయించమనండి. ఇంత చేయించేసరికి "సగం ధర" సగంగా మిగలదు. అందుకే మీకు నా ఓటు మినీ లేత్‌కే.

అలాగని స్పీడు నాబ్ ఉన్న మినీ లేత్‌కి ఓల్టేజీ ఎగుడుదిగుడులు పడవు. స్టెబిలైజర్ పెట్టండి, ఎర్తింగ్ సరిచూడండి, 16 యాంపుల సాకెట్‌కి 2.5 చదరపు మిల్లీమీటర్ల వైరు లాగించండి. సన్నటి ఎక్స్‌టెన్షన్ బాక్సు మీద నడిపితే ఓల్టేజీ పడిపోయి మోటారు కాగుతుంది. అమ్మేవాళ్ళని ముందే ఒకటి అడగండి: స్పీడు కార్డు విడిగా దొరుకుతుందా?

స్పిండిల్ ఎత్తు మీ మోచేతికి సమానంగా రావాలి. స్టాండు కింది అరలో 50 కిలోల ఇసుక బస్తా వెయ్యండి. తీరం గాలికి బెడ్ తుప్పు పడుతుంది, వారానికోసారి మైనం రుద్దండి. నూనె రాస్తే పొట్టు అతుక్కుంటుంది.

తరిమెన (టెక్కలి)

పనిముట్ల సంగతి నేను చెప్తాను. పది ఉలుల సెట్టు కొనకండి, అందులో సగం పెట్టెలోనే ఉంటాయి. రఫింగ్ గౌజ్ (చదరపు కర్రని గుండ్రం చేసే గాడి ఉలి), 10 మి.మీ. స్పిండిల్ గౌజ్ (వంపులు చెక్కే గాడి ఉలి), 3 మి.మీ. పార్టింగ్ టూల్ (ముక్కని తెంచే సన్న ఉలి), 20 మి.మీ. స్క్యూ (ఏటవాలు అంచున్న ఉలి) చాలు. గిన్నెల వంతు వచ్చాక బౌల్ గౌజ్ (గిన్నెలు తొలిచే గాడి ఉలి) ఒకటి. అన్నీ హెచ్‌ఎస్‌ఎస్ (హైస్పీడ్ స్టీలు) ఉండాలి. మామూలు కార్బన్ స్టీలు గ్రైండర్ మీద నీలం తిరిగితే అక్కడికి పదును పోయినట్టే.

దయచేసి రఫింగ్ గౌజ్‌ని గిన్నె మీద పెట్టకండి. పిడిలోకి వెళ్ళే దాని తోక పల్చటి పట్టీ. గిన్నె దిమ్మలో గ్రెయిన్ (కర్ర నార) అడ్డంగా తిరుగుతుంది కాబట్టి ఉలి కరుచుకుంటే ఆ తోక విరిగి ముక్క మీ మీదికే వస్తుంది.

గ్రైండర్‌కి 8 అంగుళాల తెల్ల రాయి, 80 గ్రిట్ (రాయి గరుకు), మోటారు 1,440 ఆర్‌పీఎంది. అంచు కోణం బౌల్ గౌజ్‌కి 50 డిగ్రీల దగ్గర, రఫింగ్‌కి 45. కోణాన్ని ప్రతిసారీ ఒకేలా పట్టి ఉంచే జిగ్ తప్పక కొనండి. ఇక్కడ మిగుల్చుకున్న డబ్బు తర్వాత ఉలి అరిగిపోయి ఖర్చయిపోతుంది.

స్విచ్ వేసే ముందు కర్రని చేత్తో ఒక చుట్టు తిప్పి చూడాలి. టూల్ రెస్ట్ కర్రకి 3 నుంచి 6 మి.మీ. దూరంలో ఉండాలి, దాన్ని జరిపేది మిషన్ ఆగాకే. చేతికి గ్లవ్స్ వద్దు, భుజం మీద తువ్వాలు వద్దు. స్విచ్ వేసేటప్పుడు కర్రకి ఎదురుగా కాకుండా పక్కకి నిలబడండి.

సరుగుడుతోట (శ్రీకాకుళం)

చాలా థాంక్సండి. మినీ లేత్‌కే వెళ్తాను, థ్రెడ్ కనుక్కుంటాను. నేర్చుకోడానికి ఏ కర్ర మంచిది? సరుగుడు బోల్డంత ఉంది.

పనసచేవ (బొబ్బిలి)

సరుగుడుతో మొదలుపెట్టకండి. గట్టిది, ఆరేటప్పుడు నడిబొడ్డు నుంచి పగులుతుంది. ఏటికొప్పాకలో లక్క బొమ్మలకి వాడే అంకుడు మెత్తగా కోతకొస్తుంది, దొరికితే అదే మొదటిది. లేకపోతే సామిల్లులో మామిడి అడగండి. దుంగని నడిబొడ్డు మీదుగా రెండుగా చీల్పించి, ఆ బొడ్డు తీసేసి, కోసిన రోజే రెండు చివరలకీ మైనమో పెయింటో పట్టించండి. మామిడి, జీడి పచ్చి కర్రల రసం కొందరికి చర్మం మీద దద్దుర్లు తెస్తుంది. పొడవు చేతుల చొక్కా వేసుకోండి, చొక్కా చేతులు మణికట్టు దగ్గర బిగుతుగా ఉండాలి.