నల్లగొండకు కొత్తగా చదువుకోను వచ్చే అమ్మాయిలకు ఏం చెప్పాలె?

ప్రశ్న: వచ్చే వారం మహాత్మాగాంధీ యూనివర్సిటీకి కొత్త బ్యాచ్ అమ్మాయిలు వస్తున్నరు. మొదటి రోజే చెప్పాల్సినవి ఏంటియి?

జవాబు 1: ముందు బస్సు సంగతి. ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్‌లల్ల ఆడోళ్లకు ఉచితమే గానీ తెలంగాణ అడ్రస్ ఉన్న ఆధార్ లాంటి ఒరిజినల్ గుర్తింపు కార్డు చేతిల ఉండాలె. జిరాక్స్, ఫోన్ల ఫొటో నడవయి. పైసలు కట్టేది లేదు కదా అని ఊకె కూసోవద్దు, జీరో టికెట్ అడిగి తీసుకోవాలె. డీలక్స్ ఎక్కితే మాత్రం ఛార్జీ కట్టుడే.

జవాబు 2: ప్రైవేటు హాస్టల్‌ని పగటిపూట చూసి అడ్వాన్స్ ఇయ్యకుండ్రి. రాత్రి 8 గంటలకు పోతే గల్లీల లైట్లు, బాత్రూంల నీళ్లు, గేటు కాడ మనిషి, అన్నీ తెలుస్తయి. ఖాళీ చేసేముందు ఎన్ని రోజుల నోటీసు ఇయ్యాలె, అడ్వాన్సుల ఎంత కోస్తరు అనేది రసీదు మీదనే రాయించుకోవాలె. లొల్లి అంతా ఆడనే.

జవాబు 3: తాగే నీళ్లు బోరువా, సర్కారు మిషన్ భగీరథ నల్లావా అడగుండ్రి. చానామంది కాగబెడితే సాలనుకుంటరు. క్రిములు చస్తయి గానీ నల్లగొండ బోరు నీళ్లల్ల ఉండే ఫ్లోరైడ్ పోదు; నీళ్లు ఆవిరై ఇంకింత చిక్కబడ్తది. ఆర్వో అయితే ఫిల్టర్ ఎప్పుడు మార్చిన్రో సుత అడగాలె.

జవాబు 4: ర్యాగింగ్‌కు 1800-180-5522, మహిళా హెల్ప్‌లైన్ 181, పోలీసులకు 112. ఫోన్ ఒక్కదాన్నే నమ్ముకోకుండ్రి, ఛార్జింగ్ అయిపోతది. ఐడీ కార్డు ఎనుక ఈ నంబర్లు రాసిన చీటీ అంటియ్యుండ్రి.