జిమ్మర్ ఫ్రెడెట్ ఫెయిలైనట్టా, కానట్టా?

సాల్ట్‌లేక్ సత్తి:
మొన్న ఆఫీసులో లంచ్ దగ్గర ఒకడు "జిమ్మరా? ఎన్‌బీయేలో తేలిపోయాడుగా" అనేసి చెయ్యి కడుక్కోడానికి లేచిపోయాడు. అప్పట్నుంచి నాకు అన్నం సయించట్లేదు. ఇక్కడే తేల్చండి.

తెలియనివాళ్ళకి: ఎన్‌బీయే అంటే అమెరికాలో అన్నిటికంటే పెద్ద బాస్కెట్‌బాల్ లీగ్. జిమ్మర్ న్యూయార్క్ రాష్ట్రంలోని గ్లెన్స్ ఫాల్స్ కుర్రాడు, యూటాలో బీవైయూ (బ్రిగమ్ యంగ్ యూనివర్సిటీ) తరఫున ఆడాడు. 2010-11లో మ్యాచ్‌కి సగటున 28.9 పాయింట్లు. అమెరికా కాలేజీలన్నిట్లో అదే ఫస్టు. కాలేజీ బెస్ట్ ప్లేయర్‌కిచ్చే నైస్మిత్, వుడెన్ అవార్డులు ఆ ఏడు రెండూ ఆయనకే. నేనప్పుడు సాల్ట్‌లేక్‌లో ఎమ్మెస్. మా యూనివర్సిటీకి బీవైయూ అంటే పడదు. అయినా 2011 జనవరి 26న, అప్పటిదాకా 20కి 20 గెలిచిన శాన్ డియేగో స్టేట్ జట్టు బీవైయూ ఊరు ప్రోవోకి వచ్చిన రాత్రి, మా రూమ్‌లో ఆరుగురం ఒకే ల్యాప్‌టాప్ ముందు కూర్చున్నాం. కుక్కర్ ఎన్ని విజిల్స్ వేసిందో ఎవడూ లెక్కపెట్టలేదు. జిమ్మర్ 43 కొట్టాడు. పప్పు మాడిపోయింది.

పాత పివట్:
సత్తిబాబు గారూ, పప్పు మాడితే సాక్ష్యం అయిపోదు. 2011 డ్రాఫ్ట్‌లో, అంటే ఎన్‌బీయే టీమ్‌లు కొత్త కుర్రాళ్ళని వరసగా ఎంచుకునే రోజున, ఆయన 10వ వాడు, శాక్రమెంటో కింగ్స్‌కి వెళ్ళాడు. 11వ వాడు క్లే థామ్సన్, 15వ వాడు కవాయ్ లెనార్డ్, ఇద్దరూ తర్వాత స్టార్లయ్యారు. సరే, వాళ్ళని వదిలేయండి. అదే డ్రాఫ్ట్‌లో చిట్టచివర, 60వ నంబర్లో, అదే కింగ్స్ తీసుకున్న ఐజాయా థామస్ ఎత్తు ఐదడుగుల తొమ్మిదంగుళాలు. ఆ చిన్నోడు వచ్చి ఈయన ఆడాల్సిన నిమిషాలు లాగేసుకున్నాడు. కారణం ఒక్కటే. డిఫెన్స్ లేదు, అవతలివాణ్ణి ఆపడం రాదు.

డాలస్ వెంకట్:
+1. కాళ్ళు స్లో.

సాల్ట్‌లేక్ సత్తి:
గురువుగారూ, మొదటి సీజన్ ఏడు మ్యాచులు కాగానే కోచ్‌ని పీకేశారు. మూడేళ్ళలో మూడో కోచ్. కాలేజీలో బంతి ఎప్పుడూ జిమ్మర్ చేతిలోనే ఉండేది, ఇక్కడ మూల నించోబెట్టి "రాగానే కొట్టు" అన్నారు. కొట్టాడు కూడా! ఎన్‌బీయే కెరీర్ మొత్తం మీద త్రీ పాయింటర్లు, అంటే త్రీ గీత బయట్నుంచి వేసే మూడు పాయింట్ల షాట్లు, 37 శాతం పైనే పడ్డాయి. అప్పట్లో కాలేజీ త్రీ గీత 20 అడుగుల 9 అంగుళాలు, ఎన్‌బీయేలో రింగ్‌కి ఎదురుగా 23 అడుగుల 9 అంగుళాలు. చాలామంది ఆ మూడడుగుల్లోనే మునిగిపోతారు. ఈయన కాలేజీలోనే దానికి ఇంకా వెనక నుంచి కొట్టేవాడు. ఇంకో ఐదేళ్ళు ఆగి పుట్టుంటే, స్టెఫెన్ కర్రీ తెచ్చిన త్రీల గాలిలో ఈయనా ఎగిరేవాడు.

పాత పివట్:
పుట్టకపోతే, పుట్టుంటే అనే లెక్కలు నాతో వద్దు. 2014లో కింగ్స్ వాళ్ళే డబ్బు సెటిల్ చేసి పంపేశారు. షికాగో, న్యూ ఓర్లియన్స్, చివరికి డీ-లీగ్‌లో వెస్ట్‌చెస్టర్. చిన్న లీగ్.

డంక్ దుర్గారావు:
డీ-లీగ్ చిన్న లీగ్ కాదండీ, డెవలప్‌మెంట్ లీగ్. ఇప్పుడు జీ-లీగ్ అంటారు.

పాత పివట్:
పేరు మారిస్తే పెద్దదవుతుందా?

డంక్ దుర్గారావు:
2016లో ఆ లీగ్ ఆల్‌స్టార్ మ్యాచ్ ఎంవీపీ, అంటే బెస్ట్ ప్లేయర్, జిమ్మరే. ఊరికే చెప్తున్నా.

పాత పివట్:
కాలువలో గజ ఈతగాడు. దుర్గారావు గారూ, నా సొంత సంగతి చెప్తా వినండి. నేను యూనివర్సిటీ టీమ్‌కి నాలుగేళ్ళు ఆడాను. అవతలి టీమ్‌లో ఎంత పొడుగోడున్నా వాణ్ణి నాకే అప్పగించేవాళ్ళు. మోచేతి దెబ్బలకి రెండు పళ్ళు పోయాయి. స్పోర్ట్స్ కోటా ఉద్యోగం సెలక్షన్లో నన్ను పక్కనపెట్టి, వెనక్కి పరిగెత్తి రావడానికి బద్ధకించే షూటర్ని తీసుకున్నారు. పేపర్లో వాడి ఫొటో పడిందట. అందుకే ఈ పాయింట్ల లెక్కలంటే నాకు ఒళ్ళుమంట.

సాల్ట్‌లేక్ సత్తి:
అంటే మీ కోపం ఆ షూటర్ మీద, దెబ్బలు మాత్రం జిమ్మర్‌కి!

పాత పివట్:
నోరు జారకండి. ఇక్కడ పనికిరాకే కదా చైనా పోయాడు?

వరంగల్ వేణు:
అన్నా, పొద్దుగాల్నుంచి సప్పుడు చెయ్యకుండ చదువుతున్న. "పనికిరాక పోయిండు" అంటే ఏంది? ఆయన పోయింది చైనా స్టార్ యావో మింగ్ ఆడిన షాంఘై షార్క్స్‌కి. 2016-17లో మ్యాచ్‌కి 37 పైన కొట్టిండు, ఆ లీగ్‌ల బెస్ట్ విదేశీ ప్లేయర్ అయిండు. 2018ల ఒక్క మ్యాచ్‌ల 75 కొట్టిండు.

పాత పివట్:
ఆ 75 కొట్టిన మ్యాచ్ ఒక్క పాయింటు తేడాతో ఓడిపోయారు. ఎందుకు? డిఫెన్స్!

వరంగల్ వేణు:
నీ డిఫెన్స్ సల్లగుండ! అక్కడి జనం ఆయన పేరుని వాళ్ళ భాషలకి మలిపి "జీమో దాషెన్" అని పెట్టుకున్నరు. "జీమో" అంటే ఒంటరి, "దాషెన్" అంటే పెద్ద దేవుడు. స్టేడియంలు నింపిండ్రు. అది బతుకు కాదా? అన్నా, నేను అమెరికాల ఆరేండ్లు ఉన్న. వీసా లాటరీ మూడుసార్లు తగల్లే. వాపస్ వచ్చిన. ఇప్పుడు హైదరాబాద్‌ల నా కింద నలభై మంది పని చేస్తున్నరు. గాని పోయిన నెల పెండ్లికి పోతే మా మేనమామ పదిమంది ముంగట "మనోడు ఆడ నిలవలేదు" అని పరిచయం చేసిండు. చేతిల ప్లేటు పట్టుకుని అట్లనే నిలబడ్డ. నువ్వు జిమ్మర్‌ని అన్నది గదే మాట.

డాలస్ వెంకట్:
…

మోడరేటర్:
వ్యక్తిగత విషయాలు తగ్గించుకోండి. ఆట గురించే మాట్లాడదాం.

సాల్ట్‌లేక్ సత్తి:
ఇదే ఆట గురించండీ. ఎన్‌బీయేలో నిలిస్తేనే మనిషి, లేకపోతే లేదు, ఇదే కదా మన గొడవంతా? రెండ్రోజులుగా డిఫెన్స్, డిఫెన్స్ అని కొట్టుకుంటున్నాం.

పాత పివట్:
వేణూ, నిన్ననలేదు తమ్ముడూ. మీ మామ అన్న మాట తప్పు. కానీ పైమెట్టు అనేది ఒకటుంటుంది. నేను దాన్ని అందుకోలేదు, ఆయనా అందుకోలేదు. అందుకున్నాడని నాచేత అనిపించకండి.

వరంగల్ వేణు:
అందుకున్నడని నేను ఎప్పుడన్న? పనికిరానోడు అనకు, అంతే.

డంక్ దుర్గారావు:
చివర్లో త్రీ బై త్రీ కూడా ఆడాడు. 2023 వరల్డ్ కప్‌లో అమెరికాకి వెండి. పారిస్ ఒలింపిక్స్‌లో గాయమైంది, 2025లో రిటైర్.

లేత బొప్పాయి:
అందరికీ నమస్తే, కొత్తగా చేరాను. త్రీ బై త్రీ అంటే ఏంటండీ?

పాత పివట్:
రా అమ్మా. సగం కోర్టు, అటు ముగ్గురు ఇటు ముగ్గురు. పది నిమిషాలు, లేదా ముందు 21 కొట్టినవాళ్ళది గెలుపు. బంతి చేతికొచ్చాక 12 సెకన్లలో షాట్ వేసేయాలి. కోర్టులో కోచ్ ఉండడు, దాక్కోడానికి చోటుండదు. ప్రతివాడూ డిఫెన్స్ ఆడి తీరాల్సిందే.

సాల్ట్‌లేక్ సత్తి:
గురువుగారూ, మీరు రాసింది మీరే ఇంకోసారి చదువుకోండి.

పాత పివట్:
చదివాను. డ్యూటీకి టైమైంది.